ఎంత సాయం, ఎవరి సాయం



యారాడ చేరాలంటే కొండ ఎక్కి దిగాలి. విశాఖ ఓడరేవు పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండకు దక్షిణాన ఉంటుంది ఆ ఊరు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. నగరం నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. ఆదివారం వస్తే బీచ్‌కి వెళ్లే బైకులు, కార్లు ఆ ఘాట్ రోడ్డు మీద బారులు తీరతాయి. వాళ్లకు ఆ మలుపులు సరదా. ఊళ్లో ఉంటూ గాజువాకకో, మల్కాపురానికో చదువు కోసం వెళ్లి వచ్చే పిల్లలకు మాత్రం ఆ కొండ రోజూ ఉండేదే.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయికి నడక కష్టమనుకోండి. కాళ్లకు కాలిపర్లు, చేతిలో ఊతకర్ర. పదో తరగతి దాకా ఏదో ఒకలా గడిచిపోయింది. నాన్న ఎత్తుకుని దింపాడు, అన్నయ్య సైకిల్ మీద కూర్చోబెట్టుకున్నాడు, అమ్మ స్నానం చేయించింది. పదహారో ఏడు వచ్చేసరికి ఆ అమ్మాయి ఎత్తుకోవడానికి బరువైంది. అంతకంటే ముఖ్యం, ఎత్తుకుంటే సిగ్గుపడే వయసుకి వచ్చింది. బస్సు మొదటి మెట్టు మోకాలెత్తున ఉంటుంది. వెనక నుంచి ఎవరో చంకల కింద చేతులు వేసి లేపుతారు. మంచి మనసుతోనే. కానీ ఆ అమ్మాయిని అడిగి చెయ్యి వేసిన వాళ్లు ఎందరు?

వైకల్యం ఉన్న పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనకు రెండే మాటలు త్వరగా వస్తాయి. ఒకటి అయ్యో పాపం, రెండోది ఆహా ఎంత పట్టుదల. ఈ రెంటికీ మధ్య రోజూ గడవాల్సిన ఇరవై నాలుగు గంటలుంటాయి. పళ్లు తోముకోవడం, బట్టలు మార్చుకోవడం, బస్సు పట్టుకోవడం, స్నేహితులతో నవ్వడం, అలగడం, పరీక్ష రాయడం ఉంటాయి. పదమూడు నుంచి పందొమ్మిది దాకా ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒకటే పోరు: నా సంగతి నేను చూసుకుంటాను అని. వైకల్యం ఉన్న పిల్లలకు ఆ పోరు ఇంకా పెద్దది. ఎంత సాయం కావాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పుడు వద్దు అని చెప్పే అధికారం కోసం వాళ్లు పోరాడాలి. వాళ్ల నిత్యజీవితం సుఖంగా గడవడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు అమెరికాలోని కాలిఫోర్నియా కుర్రాడు ఎడ్ రాబర్ట్స్. 1953లో అతనికి పద్నాలుగేళ్లు. పోలియో వచ్చింది. మెడ కింద శరీరం దాదాపుగా చచ్చుబడిపోయింది. ఊపిరి కోసం ఐరన్ లంగ్ అనే పెద్ద ఇనుప గొట్టంలో పడుకోవాల్సి వచ్చింది. ఆసుపత్రిలో అతను తిండి మానేశాడు, బరువు పడిపోయింది. అతన్ని చూసుకోవడానికి ప్రత్యేక నర్సులను పెట్టారు. వాళ్లలో చివరి నర్సు వెళ్లిపోయిన రోజున, తినాలా వద్దా అన్నది తన చేతిలో ఉన్న నిర్ణయమని అతనికి తట్టింది. తినడం మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో ఈ సంగతి అతనే చెప్పుకొచ్చాడు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు టెలిఫోన్ ద్వారా పాఠాలు విన్నాడు. తల్లి జోనా ఊరుకోలేదు. వారానికి ఒకసారైనా బడికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. అందరూ చూస్తారని అతనికి భయం. అందరూ చూశారు కూడా. ఆ చూపులకు కుంచించుకుపోవాలా, సినిమా నటుడిలా తల ఎత్తుకుని ఉండాలా అన్నది కూడా తన చేతిలోనే ఉందని అతను అనుకున్నాడు. చదువు పూర్తయింది. కానీ డ్రైవింగ్, వ్యాయామం క్లాసులు పూర్తి చేయలేదని బడి సర్టిఫికెట్ ఇవ్వనంది. కాళ్లూ చేతులూ కదలని కుర్రాడు కారు నడపడం నేర్చుకోలేదట! తల్లి బోర్డు దాకా వెళ్లి పోరాడి ఇప్పించింది.

1962లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరితే, ఐరన్ లంగ్ పట్టే గది హాస్టల్లో లేదు. క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. అతని వెనకే అలాంటి విద్యార్థులు ఇంకొందరు వచ్చారు. వాళ్లంతా కలిసి 1972లో బర్కిలీలో సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ పెట్టారు. తమకు సాయం చేసే మనిషిని తామే ఎంచుకోవాలి, ఎలా చెయ్యాలో తామే నేర్పాలి అన్నది దాని పద్ధతి. ఒక మనిషి చొక్కా తానే తొడుక్కోవడానికి గంట పట్టొచ్చు. మరొకరు అయిదు నిమిషాల్లో తొడిగితే, మిగిలిన సమయంలో అతను చదువుకోవచ్చు. స్వతంత్రం అంటే అన్నీ ఒంటరిగా చేసుకోవడం కాదన్న ఆ ఆలోచన అక్కడి నుంచి దేశదేశాలకు పాకింది. మన ఇళ్లలో ఈ ఆలోచన ఇంకా కొత్తే. మనకు సాయం చేసే చేతులకు కొరత లేదు. అడిగి చేసే అలవాటే తక్కువ.

విశాఖ విషయానికొద్దాం. ఈ నగరానికి, పోలియోకి పెద్ద చరిత్రే ఉంది. పెదవాల్తేరులోని రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రికి ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి కాళ్లు చచ్చుబడిన పిల్లలను ఎత్తుకుని వచ్చేవారు. ఎముకల వైద్యుడు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు విశాఖ కేంద్రంగా దశాబ్దాల తరబడి పోలియో పిల్లలకు శస్త్రచికిత్సలు చేశారు, ఊరూరా ఉచిత శిబిరాలు పెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ శస్త్రచికిత్సల వల్ల జరిగేదేమిటో తెలుసుకుంటే ఆ పని విలువ తెలుస్తుంది. పోలియో వచ్చిన బిడ్డకు తుంటి, మోకాలు ముడుచుకుపోతాయి. నిలబడలేక చేతుల మీద పాకుతుంది. బిగుసుకున్న కండరాలను, స్నాయువులను సడలించి కాలు చాపితే, ఆపైన కాలిపర్ బిగించి లేపి నిలబెట్టొచ్చు. ఊరు పైనుంచి చూసే పిల్ల, ఊరితో కళ్లు కలిపి మాట్లాడే పిల్ల అవుతుంది.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. అందువల్ల ఇప్పటి పదిహేనేళ్ల పిల్లల కథ వేరు. సెరెబ్రల్ పాల్సీ, కండరాలు క్రమంగా క్షీణించే మస్క్యులర్ డిస్ట్రఫీ, పుట్టుకతో వెన్నెముకలో లోపం, రోడ్డు ప్రమాదంలో పోయిన కాలు, ఇవే ఎక్కువ. పోలియో ఒకసారి దెబ్బ కొట్టి ఆగుతుంది. వీటిలో కొన్ని వయసుతో పాటు మారుతుంటాయి. పెద్దలు ఈ తేడా గమనించాలి.

సెరెబ్రల్ పాల్సీనే తీసుకోండి. మెదడులోని దెబ్బ పెరగదు. కానీ పన్నెండు, పదమూడేళ్లకు పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముక సాగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు. నిన్నమొన్నటి దాకా నడిచిన పిల్లాడికి నడక కష్టమవుతుంది. బద్ధకమని ఇంట్లో తిడతారు. వాడిది బద్ధకం కాదు, అలసట. మామూలు పిల్లాడు వంద అడుగులకు ఖర్చు చేసే శక్తి కంటే ఆ పిల్లాడికి చాలా ఎక్కువ ఖర్చవుతుంది. బడికి, దూరాలకు వీల్‌చెయిర్ వాడి, ఇంట్లో నడిస్తే తప్పేముంది? నడవగలిగిన పిల్లాడు వీల్‌చెయిర్ ఎక్కితే ఓడిపోయినట్టు అనుకోవడం పెద్దల బెంగ. పిల్లాడికి కావలసింది సాయంత్రం స్నేహితులతో కూర్చునే ఓపిక మిగలడం.

కృత్రిమ కాలు పెట్టుకున్న పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. కాలు పెరుగుతుంది, పెట్టుకున్నది పెరగదు. ఎదిగే వయసులో తరచూ మార్చాల్సి వస్తుంది. బిగుతైన కాలుతో నెట్టుకొస్తే చర్మం ఒరిసి పుండు పడుతుంది. ఆ పుండు గురించి పిల్లలు త్వరగా చెప్పరు. చెబితే కాలేజీ మాన్పిస్తారని భయం. కాలిపర్లూ ఇంతే. ఒకసారి చేయించి పదేళ్లు వాడే సొమ్ము కాదని ఇంట్లో ముందే తెలిసి ఉండాలి.

జైపూర్ పాదం గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. 1968 ప్రాంతంలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి దాన్ని తయారు చేశారు. అప్పటిదాకా ఉన్న విదేశీ పాదానికి బూటు తప్పనిసరి. బాసింపట్టు వేసి కూర్చోలేరు, గొంతుకూర్చోలేరు, బురదలో నడవలేరు. మన బతుకంతా నేల మీదే కదా! అందుకే రబ్బరుతో, చీలమండ దగ్గర వంగేలా, చెప్పుల్లేకుండా పొలంలోకి కూడా దిగగలిగేలా చేశారు. మనిషిని పాదానికి తగ్గట్టు మారమనకుండా, పాదాన్నే మనిషి బతుకుకు తగ్గట్టు మార్చారు.

తెలుగువాళ్లకు ఈ పాదం తెలిసింది సినిమా వల్ల. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో నర్తకి సుధా చంద్రన్ కాలికి దెబ్బ తగిలింది. అప్పటికామె వయసు దాదాపు పదహారు. గాయం కుళ్లి కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ ఏడే డాక్టర్ సేథీకి మెగసెసే అవార్డు వచ్చింది. పత్రికలో ఆ సంగతి చదివి ఆమె జైపూర్ వెళ్లింది. నాట్యానికి పనికొచ్చేలా పాదాన్ని సరిచేయించుకుని, మూడేళ్లలో మళ్లీ వేదికెక్కింది. ఆ కథతో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు నిర్మించిన మయూరిలో ఆమే నటించింది. ఆ సినిమా చూసి చప్పట్లు కొట్టిన వాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. కాలు లేని ప్రతి పిల్లా నాట్యం చేయనక్కరలేదు. నొప్పి లేకుండా బస్‌స్టాపు దాకా నడిస్తే చాలు అనుకునే పిల్లది కూడా నిండు జీవితమే.

జమ్మూ కాశ్మీర్‌లోని కిష్త్‌వాడ్‌కు చెందిన శీతల్ దేవి తీరు ఇంకొకటి. రెండు చేతులూ లేకుండా పుట్టింది. కృత్రిమ చేతులు పెట్టాలని చూశారు, ఆమెకు సరిపడలేదు. చిన్నప్పటి నుంచి చెట్లెక్కిన కాళ్లు ఆమెవి. కుడికాలితో విల్లు పట్టి, భుజంతో, దవడతో బాణం లాగి వదలడం నేర్చుకుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పదిహేడేళ్లకే రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. చేతుల పని చేతులతోనే చెయ్యాలని ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఈ విలుకత్తె మనకు దొరికేది కాదు. కాలితో అన్నం తినే పిల్లను చుట్టాల ముందు దాచే ఇళ్లు ఆమెను ఒకసారి చూడాలి.

మన పక్కనే అనకాపల్లి జిల్లా నుంచి వెళ్లిన రొంగలి రవి ఎత్తు తక్కువ వాళ్ల విభాగంలో షాట్‌పుట్ విసురుతారు. హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం, పారిస్‌లో 10.63 మీటర్లతో అయిదో స్థానం. పతకాల కథలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఊళ్లో క్రికెట్ ఆడే చోట మాత్రం వైకల్యం ఉన్న కుర్రాడికి ఎప్పుడూ స్కోరు రాసే పనే ఇస్తారు. ఓ ఓవరు బౌలింగ్ ఇవ్వొచ్చు, వాడి బదులు పరిగెత్తడానికి ఒకణ్ణి పెట్టి బ్యాటింగ్ ఇవ్వొచ్చు. పిల్లలకు ఇది చెబితే మనకంటే త్వరగా నిబంధనలు మార్చుకుంటారు.

ఇంట్లో మార్పుల గురించి మాట్లాడుకుందాం. ఎక్కువ ఖర్చు లేనివే చాలా ఉన్నాయి. మరుగుదొడ్డి గోడకు గట్టి ఇనుప కడ్డీ బిగిస్తే లేవడానికి పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి వాడుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, కుర్చీ జారకుండా చూసుకోవాలి. తలుపు బయటికి తెరుచుకుంటే లోపల పడిపోయినా బయటివాళ్లు తీయగలరు. వీల్‌చెయిర్ వెళ్లాలంటే గుమ్మం దాదాపు తొంభై సెంటీమీటర్లుండాలి. ర్యాంపుకు లెక్క ఉంది: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అరుగు అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. మన బడుల్లో చాలాచోట్ల నాలుగడుగుల్లో నిటారుగా సిమెంటు పోసి ర్యాంపు అని రాసుకుంటున్నారు. దాని మీద వీల్‌చెయిర్ ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు ప్రాణం మీదికొస్తుంది. అలాంటిది కట్టకపోయినా ఒకటే.

బడి మరుగుదొడ్డి సంగతి ఇంకా కఠినం. మెట్లెక్కి వెళ్లలేక, ఎవరినీ అడగలేక ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలున్నారు. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు బడే మానేస్తారు. అలా నీళ్లు మానేయడంతో మూత్రకోశం జబ్బులు మొదలవుతాయి. తల్లిదండ్రులు ముందుగా వెళ్లి చూడాల్సింది క్లాసు గది కాదు, ఆ మరుగుదొడ్డి. స్నానానికి, బట్టలు మార్చడానికి సాయం తప్పనిసరైన పిల్లలు ఆ పని ఎవరు చెయ్యాలో తామే చెప్పేలా ఉండాలి. తలుపు వేసి ఉండాలి. శరీరానికి ఎవరి చేతులు తగలొచ్చో, తగలకూడదో చెప్పే అలవాటు వాళ్ల భద్రతకూ అవసరం.

చట్టం ఏం చెబుతోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఉన్నత విద్యలో అయిదు శాతం, ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్. వీటన్నిటికీ తాళంచెవి, వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వైకల్య పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. మంచానికో, వీల్‌చెయిర్‌కో పరిమితమైన వాళ్లకు 15,000. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలవడం సహజమే. కానీ అది ఆ పిల్ల పేరు మీద వచ్చిన డబ్బు. నెలకు కొంతయినా ఆమె చేతికిచ్చి, ఆటోకో, పుస్తకానికో, ఐస్‌క్రీముకో ఖర్చు చేసుకోనివ్వాలి. డబ్బు లెక్క చూసుకోవడం కూడా పెద్దవడంలో భాగమే.

మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు, ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళ్తారు. పరీక్ష సంగతి: చేత్తో రాయడం కష్టమైతే, చెప్పింది రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను అడగొచ్చు. గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంది. మూడు గంటల పరీక్షకు గంట కలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లింది. నలభై శాతం లేకపోయినా, రాయడంలో నిజమైన ఇబ్బంది ఉంటే స్క్రైబ్ ఇవ్వాల్సిందేనంది. అయితే స్క్రైబ్‌తో రాయించడం ఒక విద్య. లెక్కలో మెట్టు మెట్టు నోటితో చెప్పాలి, బొమ్మను మాటల్లో వర్ణించాలి. పరీక్ష ముందు రోజు పరిచయమైన వాళ్లతో ఇది కుదరదు. నెలల ముందు నుంచీ స్నేహితుడో, చెల్లెలో కూర్చుని సాధన చేయించాలి.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు మరో ముఖ్యమైన మాట చెప్పింది. భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలను సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. బస్సు మెట్టు ఎత్తు, బస్‌స్టాపు అంచు, కాలేజీ గుమ్మం, బీచ్‌కి దిగే దారి, ఇవన్నీ దీని కిందికి వస్తాయి. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో వీల్‌చెయిర్లు అలల దగ్గర దాకా వెళ్లేలా ఇసుక మీద చెక్కదారి వేశారు. కొద్ది రోజులకే మాండూస్ తుపానుకు దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు. ఇంత తీరం ఉన్న విశాఖలో, ఇంత అందమైన యారాడలో అది సాధ్యం కానిదేమీ కాదు. యారాడ సముద్రం లోపలికి లాగుతుంది కాబట్టి నీళ్లలోకి దిగనివ్వకపోవచ్చు. ఇసుక దాటి అలల చప్పుడు దాకా వెళ్లే దారి అయినా ఉండాలి.

ఇవన్నీ ఎవరు అడగాలి? ఇప్పటిదాకా నాన్నలే అడిగారు. పదహారేళ్లు దాటిన పిల్లను కాలేజీకి తీసుకెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గారు సాధారణంగా పక్కనున్న తండ్రితోనే మాట్లాడతారు. తండ్రి మాటలు ఆపి, మీరు మా అమ్మాయినే అడగండి సార్ అంటే చాలు. క్లాసు కింది అంతస్తులో కావాలని, మరుగుదొడ్డికి కడ్డీ కావాలని, ల్యాబ్‌లో ఎత్తు తక్కువ బల్ల కావాలని ఆ అమ్మాయే చెబుతుంది. వినకపోతే ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలని 2016 చట్టమే చెబుతోంది. ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉంటారు. సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించుకోవడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఆ కమిషనర్‌కూ ఉన్నాయి. అర్జీ తెలుగులోనే రాయొచ్చు. ఏ బస్‌స్టాపులో, ఏ మెట్టు దగ్గర, ఎన్ని రోజులుగా ఇబ్బంది పడుతున్నదీ ఆ అమ్మాయికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ కాగితం ఆమె రాస్తుంది, కింద సంతకం ఆమెదే.